బొగ్గుముక్కతో వ్రాసిన ఉత్తరాలు



మీ ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలోనో పాత ఉత్తరాల కట్ట ఒకటి ఉండే ఉంటుంది. ఊరుకాని ఊరిలో ఉన్న తండ్రి బిడ్డలకు వ్రాసినవి కావచ్చు. ఒకసారి తీసి చదవండి. ఆయన దేనికి విలువ ఇచ్చాడో, దేనికి భయపడ్డాడో వాటిలో తెలుస్తుంది. ఏటా జూన్ 22న శ్రీసభ స్మరించుకునే పునీత తోమాసు మోర్ గారిని కూడా అలా ఆయన ఉత్తరాల ద్వారానే తెలుసుకుందాం.

ఆయన లండన్ నగరంలో 1478లో జన్మించారు. తండ్రి న్యాయవాది, ఆయనా న్యాయవాదే. యౌవనంలో కార్థూసియన్ సన్యాసుల మఠం చెంత ఉండి ప్రార్థనాజీవితం గడిపినా, చివరకు గృహస్థ జీవితాన్నే ఎన్నుకున్నారు. మొదటి భార్య జేన్ నలుగురు బిడ్డలను కని 1511లో మరణించింది. తర్వాత ఆలిస్ అనే వితంతువును వివాహమాడారు. ఆడపిల్లలకు చదువెందుకు అనుకునే ఆ రోజుల్లో తన కుమార్తెలకు లతీను, గ్రీకు భాషలు నేర్పించారు. రాజకార్యాలపై ఎక్కడికి వెళ్లినా బిడ్డలకు ఉత్తరాలు వ్రాసేవారు, వారి చేత లతీనులో జవాబులు వ్రాయించుకునేవారు. పెద్ద కుమార్తె మార్గరెట్ చదువులో అందరినీ మించింది. పరలోక జపంపై ఎరాస్మస్ అనే పండితుడు వ్రాసిన గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించింది.

1529 సెప్టెంబరులో ఆయన ఉడ్‌స్టాక్‌లో రాజుగారి వద్ద ఉండగా, చెల్సీలోని వారి ధాన్యపు కొట్లు కాలిపోయాయని కబురు వచ్చింది. భార్యకు ఆయన వ్రాసిన జవాబు చూడండి. ఇంటిల్లిపాదినీ గుడికి తీసుకువెళ్లి దేవుడు ఇచ్చినదానికీ, తీసుకున్నదానికీ, మిగిల్చినదానికీ వందనాలు చెప్పమన్నారు. ఆ మంటల్లో పేద ఇరుగుపొరుగు వారికి ఎంత నష్టం వచ్చిందో విచారించమన్నారు. తన ఇంట ఒక్క చెంచా మిగలకపోయినా వారి నష్టం తానే భరిస్తానన్నారు. పనివారిని ఉన్నపాటున పంపివేయవద్దని కూడా వ్రాశారు. తర్వాతి నెలలోనే ఆయన ఇంగ్లాండు దేశానికి లార్డ్ ఛాన్సలర్ అయ్యారు.

అయితే ఎనిమిదవ హెన్రీ రాజు తన భార్య కేథరిన్‌ను విడిచి ఆన్ బొలీన్‌ను పెండ్లాడ దలచాడు. పోపుగారు అంగీకరించనందున ఇంగ్లాండు శ్రీసభకు తానే అధిపతిని కాదలచాడు. మోర్ గారు 1532లో పదవి వదులుకున్నారు. 1534లో కొత్త వారసత్వ చట్టాన్ని సమర్థిస్తూ అందరూ ప్రమాణం చేయాలని ఆజ్ఞ వెలువడింది. అందులో పోపుగారి అధికారాన్ని నిరాకరించడం కూడా ఉంది. ఆయన ప్రమాణం చేయలేదు. ఏప్రిల్ 17న లండన్ టవర్ చెరసాలలో వేశారు.

అప్పుడు మార్గరెట్ నుండి ఒక ఉత్తరం వచ్చింది. ప్రమాణం చేసి ఇంటికి రమ్మని ఆమె వేడుకొన్నది. దేవుని చట్టానికి విరుద్ధం కానంత మేరకే అనే షరతుతో ఆమె కూడా ప్రమాణం చేసింది. చెరసాల కంటే, రాజు కోపం కంటే కన్నకూతురి ఆ మాటే తనను ఎక్కువగా బాధించిందని ఆయన జవాబిచ్చారు. కాని ఆమెను కోపించలేదు. ప్రమాణం చేసిన వారెవరినీ తప్పు పట్టలేదు. తన అంతరాత్మ మాత్రం ఒప్పుకోదన్నారు. తర్వాత మార్గరెట్‌కు ఆయనను చూడడానికి అనుమతి దొరికింది. తండ్రీ కూతురూ ముందుగా ఏడు పశ్చాత్తాప కీర్తనలు, పునీతుల ప్రార్థన చెప్పుకొని, ఆ తర్వాతే మాట్లాడుకునేవారట.

1535 జూన్‌లో ఆయన పుస్తకాలనూ తీసుకుపోయారు. ఆ చెరలో వ్రాయడానికి సిరా లేనప్పుడు బొగ్గుముక్కతోనే వ్రాశారు. జూన్ 22న ఆయన మిత్రులు యోహాను ఫిషర్ మేత్రాణులు వేదసాక్షి మరణం పొందారు. జూలై 1న మోర్ గారికి మరణశిక్ష విధించారు. తిరిగి టవర్‌కు తీసుకువస్తుండగా మార్గరెట్ ఆయుధాలు పట్టిన భటుల మధ్య నుండి దూసుకుపోయి, అందరి ఎదుట తండ్రిని కౌగిలించుకొంది.

జూలై 5న బొగ్గుతో వ్రాసిన చివరి ఉత్తరం ఆమెకే. ఆ రోజు ఆమె తనను ముద్దుపెట్టుకున్న తీరు ఎన్నడూ లేనంత నచ్చిందని వ్రాశారు. ఇంట్లో వారిని పేరు పేరునా ఆశీర్వదించారు. కుమార్తె సిసిలీకి ఒక చేతిరుమాలు, పెంపుడు కుమార్తెకు ఆమె లెక్కల పలక పంపించారు. తాను రహస్యంగా ధరించిన గరుకు వెంట్రుకల చొక్కానూ మార్గరెట్‌కు చేర్చారు. మరునాడు ఆయన శిరచ్ఛేదం జరిగింది.

1935లో పదకొండవ పయస్ పోపుగారు ఆయనను పునీతులుగా ప్రకటించారు. 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు రాజకీయ నాయకులకు పాలక పునీతులుగా నియమించారు.

ప్రియ తల్లిదండ్రులారా, మనలను తప్పుదారి పట్టించేది ఎల్లప్పుడూ శత్రువే కాదు. ఒక్క సంతకం పెట్టేస్తే పోతుంది కదా అని కన్నీళ్లతో అడిగేది మన ఇంటివారే కావచ్చు. అప్పుడు వారిని ద్వేషించకుండా, దేవుని విడువకుండా నిలబడడం ఎలాగో ఆ ఉత్తరాలు చెబుతున్నాయి. మీ బిడ్డలు రేపు తెరిచి చూసే పెట్టెలో మీరు ఏమి వ్రాసి ఉంచుతున్నారు? ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత ఒక్కసారి ఆలోచించండి.