అయోనా ద్వీపమున కొలంబా

పుట్టిన నేల విడిచి పరాయి దీవిలో ప్రభువును సేవించిన ఒక దైవజనుని ఈ మాసము తలంచుకొందము.

కొలంబా క్రీ.శ. 521 ప్రాంతమున ఐర్లాండులో రాజవంశమున జన్మించెను. 561లో అక్కడ జరిగిన ఒక యుద్ధములో ఆయనకును పాలున్నదని సంప్రదాయము. 563లో పన్నెండుమంది సహచరులతో సముద్రము దాటి, స్కాట్లాండు పడమటి తీరముననున్న అయోనా ద్వీపము చేరెను. దాని పొడవు సుమారు 5 కిలోమీటర్లే. అక్కడ మఠము స్థాపించి, లేఖనములకు నకళ్లు వ్రాయుచు, పిక్టులకు సువార్త ప్రకటించెను.

597 జూన్ 9న ప్రభువునందు నిద్రించెను. ముందటి సాయంకాలము 34వ కీర్తన 10వ వచనమువరకు వ్రాసి, మిగిలినది శిష్యుడైన బైతీనుకు విడిచెనట. నూరేండ్ల తరువాత ఆ మఠాధిపతి అడమ్నాన్ ఈ సంగతులు వ్రాసి, ఎత్తైన చోట కొలంబా వ్రాసుకొను కుటీరము ఉండెనని తెలిపెను.

1957లో చార్లెస్ థామస్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడి గుట్టపై త్రవ్వగా, కాలిపోయిన గుడిసె బొగ్గు దొరికెను. ఆయన దానిని భద్రపరచెను. అది 540–650 మధ్యకాలపుదని రేడియోకార్బన్ పరీక్షలో తేలినట్లు 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. అది కొలంబా గుడిసెయేనని బొగ్గు చెప్పజాలదు. అయినను అడమ్నాన్ మాటకు బలము చేకూరినది.

బాప్తిస్టులమైన మనము భక్తులకు ప్రార్థింపము, వారినుండి నేర్చుకొందుము. కొలంబా సగములో విడిచిన పుట అందుకొనుటకు బైతీను సిద్ధముగా నుండెను. తెలుగు బడి లేని ఊళ్లలో నివసించు మనము, మన తరువాత తెలుగు బైబిలు తెరచి చదువగల బిడ్డను సిద్ధపరచితిమా?