కాగితమునుండి ఖద్దరునకు: పింగళి వెంకయ్య

ఆగస్టు మాసము వచ్చినదనిన బడులలో కత్తెరలకును జిగురు గిన్నెలకును పని కలుగును. పిల్లలు రంగు కాగితములు కత్తిరించి తోరణములు కట్టుదురు. కొందరు ఉపాధ్యాయులు మందపు అట్టపై కాగితపు ముక్కలు, గుడ్డపేలికలు, దారములు అతికించి గోడకు వ్రేలాడదీయు చిత్రఫలకములు చేయింతురు. పేరాల మగ్గముల ఊరు. ఇచ్చట పేలికలకు కొదువ యుండదు. అట్టి ఫలకమున జాతీయ పతాకము కనబడును గాని, దానికై జీవితమును ధారపోసిన మనిషి కనబడడు. ఆ మనిషి బ్రతుకును కాగితమునకును గుడ్డకును నడుమ సాగినదే.

పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2వ తేదీన కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో జన్మించిరి. యౌవనమున సైన్యములో చేరి బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు వెళ్లిరి. గాంధీమహాత్ముని పరిచయము వారికి అచ్చటనే కలిగెనని చరిత్రకారులు వ్రాసిరి. స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట వారు ఏ ఒక్క విద్యతోను తృప్తి చెందలేదు. నడిగూడెములో కంబోడియా పత్తిని పండించి, పరిశోధించి, పత్తి వెంకయ్య యనిపించుకొనిరి. జపాను భాష నేర్చి, 1913లో బాపట్లలో ఆ భాషలో ఉపన్యసించి, జపాను వెంకయ్య యైరి. రత్నముల శాస్త్రమును సాధించి వజ్రాల వెంకయ్య యైరి. ఇన్ని పేర్లు వచ్చినను, వారిని విడువక పట్టుకొన్న ఊహ ఒక్కటే: ఈ దేశమునకు తనదైన పతాకము కావలెను.

బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన ఆ అధ్యాపకుడు 1916లో ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. అందు నానాదేశముల పతాకములను వివరించి, భారతదేశమునకు తగిన ముప్పది నమూనాలను చూపిరి. ఏటేట కాంగ్రెసు మహాసభలకు వెళ్లి, పెద్దలయెదుట ఆ ప్రస్తావన తెచ్చుచుండిరి. గాంధీజీ వారి పట్టుదలను మెచ్చిరి. కాని ఆ నమూనాలలో ఏదియు జాతి హృదయమును కదిలించునని తలపలేదు. నాలుగేండ్లు గడచెను. నమూనాలు కాగితముమీదనే నిలిచిపోయెను.

ఆ కాగితములలో లేనిది రాట్నము. దానిని పతాకముపై నిలుపవలెనని సూచించినవారు జలంధరు వాస్తవ్యులైన లాలా హంసరాజు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముండునట్లు పతాకము కూర్చుమని గాంధీజీ వెంకయ్యగారిని కోరిరి. మూడు గంటలలో పతాకము చేతికి వచ్చెను! అయినను సభ ముందుంచుటకు కొంచెము ఆలస్యమయ్యెను. ఆ ఆలస్యమే మేలయ్యెను. తక్కిన మతములవారికిని చోటుండవలెనని గాంధీజీ తలచి తెలుపును చేర్చిరి. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మూడింటిపై రాట్నము. గుడ్డ మాత్రము ముతక ఖద్దరే కావలెనని నిర్ణయించిరి.

ఆ ఏప్రిల్ మొదటి వారముననే గాంధీజీ చీరాలకు వచ్చిరి. పురపాలక సంఘపు పన్నులను నిరాకరించిన చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరము కట్టుకొని నెలల తరబడి పాకలలో నివసించిరి. మగ్గమును నమ్ముకొన్న ఇట్టి ఊళ్లకు రాట్నపు గుర్తునకు అర్థమేమో ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

1931లో కాంగ్రెసు రంగులను మార్చి కాషాయము, తెలుపు, ఆకుపచ్చలను వరుసగా నిలిపెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నము స్థానమున ఇరువదినాలుగు ఆకుల అశోకచక్రమును స్వీకరించెను. వెంకయ్యగారు సంపద లేమియు కూడబెట్టక 1963 జూలై 4న విజయవాడలో కన్నుమూసిరి. తపాలా శాఖ 2009లో వారి బొమ్మతో బిళ్ల వెలువరించెను. 2021 డిసెంబరులో నియమావళిని సవరించినప్పటినుండి యంత్రముపై నేసిన పాలిస్టరు పతాకములకును అనుమతి కలిగినది. కనుక ముతక ఖద్దరు స్పర్శ నేటి పిల్లలకు తానై దొరకునది కాదు. బడియే దానిని చూపవలెను.

అందుకు చిత్రఫలకమే మంచి సాధనము. అట్టపై మొదట పాత నోటుపుస్తకపు కాగితములను చించి, మైదాజిగురుతో ఒకదానిపై నొకటి అతికింపవలెను. వానిపై పిల్లలు తమకు తోచిన చిన్న చిన్న పతాకములను గీయవచ్చును. అవి 1916 నాటి నమూనాలకు గుర్తు. ముడుతలు పడినను చెరుపనక్కరలేదు. పుస్తకముల బరువు క్రింద ఒకరాత్రి ఆరనిచ్చిన పిమ్మట, నడుమ 1921 నాటి పతాకమును ఖద్దరుతో కూర్చవలెను. నిజమైన జాతీయ పతాకమును ఎన్నడును కత్తిరింపరాదు. తెల్ల ఖద్దరుపేలికలకే రంగు వేయవలెను. అంచులలో పోగులను అట్లే విడిచి, రాట్నమును నూలుదారముతో చుట్టి కుట్టవలెను.

ఆరిన ఫలకమును పిల్లలచేత కన్నులు మూసికొని తడిమింపుడు. మొదట కాగితము నున్నగా జారును; పిమ్మట నూలు ముడులు వ్రేళ్లకు తగులును. ఆ రెంటి నడుమ నాలుగేండ్ల నిరాదరణయు, మూడు గంటల పనియు ఉన్నవని అప్పుడు చెప్పిన, పింగళి వెంకయ్యగారి పేరు వారికి మరల మరువబడదు.