ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు వాటా అనగానేమో చెప్పనక్కరలేదు. అయితే వాటాకు బజారులో పలికే ధర వేరు, దాని వెనుకనున్న ఆస్తి వేరు, ఆ ఆస్తిని నడిపేవారి యోగ్యత వేరు. ఈ మూడింటినీ ఒకటిగా భ్రమించి ఒక మహానగరం ఎంత నష్టపోయినదో తెలియాలంటే ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ జీవితాన్ని చదవాలని మా అభిప్రాయం.

ఆయన 1831లో సూరత్‌లో ఒక జైన కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే బొంబాయి చేరి, ఆంగ్లవిద్య నేర్చి, దళారీ వృత్తిలో ప్రవేశించారు. ఇంగ్లీషు వచ్చిన తొలి భారతీయ షేర్ల దళారి ఆయనేనని ప్రతీతి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమైంది. అక్కడి పత్తి రాక నిలిచిపోగా లాంకషైరు మిల్లులకు మన పత్తే దిక్కయింది. బొంబాయిలో ధనం వచ్చి పడింది. ఆ ధనాన్ని ఆకర్షించడానికి కొత్త బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామనే కంపెనీలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. వానిలో బ్యాక్‌బే కంపెనీ పేరు మోగిపోయింది. ఐదువేల రూపాయలు చెల్లించిన వాటా యాభైవేల దాకా పలికింది. కంపెనీ అమ్మబోయే నేల మాత్రం అప్పటికింకా నీటి అడుగుననే ఉన్నది! ఆ సంగతి విచారించినవారు తక్కువ. ప్రేమ్‌చంద్ పేరుంటే చాలుననుకొన్నవారే ఎక్కువ.

ఇంతకంటె బొంబాయి బ్యాంకు వృత్తాంతం పరిశీలింపదగినది. 1840లో స్థాపితమైన ఆ బ్యాంకులో ప్రభుత్వానికి వాటాలుండేవి, ప్రభుత్వం నియమించిన డైరెక్టర్లూ ఉండేవారు. ఇక భయమేమున్నదని జనం నిశ్చింతగా ఉన్నారు. 1863 నాటి చట్టం పాత కట్టుబాట్లను సడలించి, వాటాలనే తాకట్టుగా ఉంచుకొని అప్పులిచ్చే వీలు కల్పించింది. బ్యాంకులో ప్రేమ్‌చంద్ మాటకు తిరుగులేదు. ఆయన సిఫారసు తెచ్చినవారికి తగిన హామీ లేకుండానే అప్పులు దొరికాయి. అప్పుతో వాటాలు కొన్నారు. కొన్నకొద్దీ ధర పెరిగింది. పెరిగిన ధర చూపి మళ్లీ అప్పు తెచ్చారు. ఆపవలసినవారు ఆపలేదు.

1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది. వాయిదా బేరాలు తీరవలసిన జూలై 1వ తేదీన చెల్లించగలవారు కరవయ్యారు. పేరు మోసిన వర్తకులెందరో దివాలా తీశారు. 500 రూపాయల బొంబాయి బ్యాంకు వాటా ఒకప్పుడు 2,850 దాకా ఎగసి, చివరకు 87కు దిగిందని వ్రాశారు. 1868లో బ్యాంకు మూతపడింది. విచారణ సంఘం చట్టంలోని సడలింపును, కార్యదర్శుల అధికార దుర్వినియోగాన్ని, డైరెక్టర్ల అజాగ్రత్తను ఎత్తి చూపింది. ధర ఆకాశాన్నంటిన రోజుల్లోనూ ఈ లోపాలు అక్కడే ఉన్నాయన్నది మేము గమనించిన విషయం. చూడదలచినవారికి అవి కనిపించేవే.

ప్రేమ్‌చంద్ కూడ సర్వం కోల్పోయినంత పని అయింది. ఆయనను కేవలం మోసగాడనడానికి మాకు మనసొప్పదు. ఆయన దానాలు తలచుకొని, నమ్మి చెడినవారిని మరువనూ లేము. కలకత్తా విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన రెండు లక్షలతో ఏర్పడిన విద్యార్థివేతనాన్ని చరిత్రకారుడు జాదూనాథ్ సర్కార్ వంటివారు అందుకొన్నారు. బొంబాయి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, గడియార స్తంభానికి కలిపి నాలుగు లక్షలిచ్చారు. 1878లో పూర్తయిన ఆ స్తంభానికి తల్లి రాజాబాయి పేరు పెట్టారు. ఆ తరువాత ఆయన నెమ్మదిగా వ్యాపారాన్ని మళ్లీ నిలబెట్టుకొని, 1906లో కన్నుమూశారు.