కాటుక రేకుల పొడ – పాట్రిక్ రస్సెల్

నేడు ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి, ఆటోనగర్ యంత్రశాలలకు పేరొందిన విశాఖపట్టణం సర్పశాస్త్ర చరిత్రలోనూ స్మరణీయమైనది. అందుకు కారకుడు స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్.

ఎడింబరోలో జన్మించిన రస్సెల్ సిరియాలోని అలెప్పో నగరంలో చిరకాలం వైద్యం చేసి, 1781లో సోదరుడు క్లాడ్‌తో విశాఖకు వచ్చినాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతనిని ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది.

పాముకాటు ప్రాణాలు తీసే ఈ సీమలో విషసర్పమేదో, కానిదేదో ప్రజలకు తెలియజెప్పడం అతని ఆశయం. అందుకై పాముల పొలుసులు లెక్కించినాడు, కోరలు పరీక్షించినాడు, తెలుగువారి వాడుక పేర్లనే గ్రంథస్థం చేసినాడు. రక్తపింజరిని కాటుక రేకుల పొడగా వ్రాసికొన్నాడు. 1789లో స్వదేశానికి మరలి, 1796లో సర్పగ్రంథాన్ని, 1803లో విశాఖలో సేకరించిన 200 చేపల గ్రంథాన్ని ప్రకటించి, 1805లో కన్నుమూసినాడు.

1797లో రక్తపింజరికి శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరే పెట్టినారు. కాని నానావిధ సర్పాలు కలగలిసిన కొలూబర్ ప్రజాతిలో దానిని చేర్చినారు. తరువాత అది పొడపాముల శాఖకు మారి, దబోయా ప్రజాతిలో స్థిరపడినది.

పైపోలిక బంధుత్వానికి చాలదనీ, ఉమ్మడి పూర్వజునిలో కొత్తగా పుట్టి సంతతికి సంక్రమించిన లక్షణాలే శాఖలను నిర్ణయించాలనీ జర్మను శాస్త్రజ్ఞుడు హెన్నిగ్ 1950లో ప్రతిపాదించినాడు. ఆ మార్గంలో వంశవృక్షాలు మరల మరల దిద్దబడుతున్నవి. 2007లో జన్యుపరిశోధన బర్మా, సయాము ప్రాంతాల రక్తపింజరిని వేరు జాతిగా నిర్ణయించినది.

వృక్షంలో కొమ్మలు మారినవి. విశాఖలో రస్సెల్ లెక్కించిన పొలుసుల సంఖ్య మాత్రం మారలేదు.