మాటర్‌హార్న్ విజేత ఎడ్వర్డ్ వింపర్

పర్వతములకు పూర్వము ఱెక్కలుండెడివనియు, దేవేంద్రుడు వానిని వజ్రాయుధముచే ఖండించెననియు, మైనాకుడొక్కడు సముద్రమున దాగి బ్రతికెననియు మన పురాణములు చెప్పుచున్నవి. ఐరోపా ఖండమున ఆల్ప్స్ పర్వతముల లోయలయందలి రైతులకును ఇట్టి కథలు కలవు. స్విట్జర్లాండు, ఇటలీ దేశముల సరిహద్దున నిలిచిన మాటర్‌హార్న్ అను శిఖరముపై శిథిలమైన నగరమొకటి కలదనియు, అందు భూతములు వసించుచు దరిజేరువారిపై బండలు దొర్లించుననియు వారు నమ్ముచుండిరి. ఆ నమ్మకమునకు కారణము లేకపోలేదు. 14,692 అడుగుల ఎత్తుగల ఆ శిఖరము తక్కిన కొండలతో కలియక, నాలుగంచుల రాతిశూలమువలె ఒంటరిగా నిలిచియున్నది. రాత్రి గడ్డకట్టిన మంచు పగటియెండకు కరగగా, అందు బిగిసియున్న రాళ్లు సడలి పిడుగుల చప్పుడుతో క్రిందికి దొరలుచుండును. 1865వ సంవత్సరము వరకు మానవుని పాదము సోకని ఆ శిఖరమును మొదట నధిరోహించిన బృందమునకు కారకుడు ఎడ్వర్డ్ వింపర్ అను ఆంగ్లేయుడు.

వింపర్ 1840వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జోసయా వింపర్ కొయ్యదిమ్మెలపై బొమ్మలు చెక్కు వృత్తివాడు. ఆ కాలమున పుస్తకములందలి బొమ్మలన్నియు అట్టి దిమ్మెలనుండియే అచ్చుపడుచుండెడివి. పదునొకండుగురు సంతానములో రెండవవాడైన ఎడ్వర్డ్ చిన్ననాడే బడి మాని తండ్రియొద్ద పనికి కుదిరెను. వెండ్రుకవాసి తప్పినను దిమ్మె యంతయు చెడిపోవు పని యది. కన్ను, చేయి, ఓర్పు ఈ మూటిని అతడు అక్కడనే అభ్యసించెను. కొండలెక్కవలెనను కోరిక అప్పటికి అతనికి లేదు.

1860లో లాంగ్‌మన్ అను పుస్తక ప్రకాశకుడు ఆల్ప్స్ పర్వతదృశ్యములను చిత్రించి తెమ్మని ఇరువదియేండ్ల ఈ యువకుని పంపెను. కూలికి బొమ్మలు గీయబోయినవాడు కొండలకు దాసుడై తిరిగివచ్చెను. మరుసటి యేడు ఫ్రాన్సు దేశమున పెల్వూ శిఖరమునెక్కి, ఆ వేసవియందే ఇటలీవైపుననున్న బ్రయిల్ గ్రామము చేరి మాటర్‌హార్న్‌పై తొలి ప్రయత్నము చేసెను. 1861 నుండి 1863 వరకు ఏడుమార్లు యత్నించి ఏడుమార్లును భంగపడెను. ప్రతి ప్రయత్నమునకు తేదీ, తోడివారి పేర్లు, చేరిన ఎత్తు పట్టికగా వ్రాసిపెట్టుకొనెను. ఓటమికి సైతము ఇంత శ్రద్ధగా లెక్క వ్రాసినవారు అరుదు.

1862 జూలైలో ఒంటరిగా నెక్కి దిగివచ్చుచుండగా మంచుపై కాలుజారి, బండనుండి బండకు తాకుచు రమారమి రెండువందల అడుగులు పడిపోయెను. క్రింద ఎనిమిదివందల అడుగుల అగాధము. దాని యంచున దైవికముగా నిలిచెను. తలయందు గాయములనుండి రక్తము చిమ్ముచుండగా మంచుముద్దలు అదిమి పట్టుకొని, కొంతసేపు మూర్ఛపోయి, రాత్రివేళ గ్రామము చేరెను. వారము తిరుగకముందే మరల అదే కొండ నెక్కబోయెను. దీనిని ధైర్యమందుమా, మూర్ఖపుపట్టు అందుమా? రెండును అతనియందు ఒకే దారపు పేటలుగా నుండెను.

బ్రయిల్ ప్రాంతమున జాన్ ఆంత్వాన్ కరెల్ అను మార్గదర్శి యుండెను. తాపీపని, వేట, సైనికవృత్తి మూడును ఎఱిగినవాడు. 1859లో సోల్ఫెరీనో యుద్ధమున పోరాడినవాడు. మాటర్‌హార్న్ తన లోయవారి సొత్తని, దానిని ఇటలీవైపునుండియే జయించవలెనని అతని పంతము. వింపర్ అతని నేర్పును మెచ్చును. అతని స్వతంత్రబుద్ధికి విసుగుకొనును. ఒకమారు మిత్రులు, ఒకమారు ప్రత్యర్థులు. ఒకరు లేక ఒకరికి సాగదు, ఒకరికొకరు లొంగరు.

ఇటలీవైపున నెందుకు సాధ్యపడలేదో వింపర్ ఆలోచించెను. ఆవైపున రాతిపొరలు వెలుపలికి వాలి, పెంకుటింటి చూరువలె కాలికి పట్టు నీయవు. స్విట్జర్లాండు వైపునుండి, అనగా త్సెర్మట్ గ్రామమునుండి చూచినచో కొండ నిట్టనిలువు గోడవలె తోచుటచే పెక్కుమంది అటు పోరైరి. ప్రక్కనుండి చూచిన కాని ఆ గోడ వాలు అంత నిలువు కాదని తెలియదు. అటు పొరలు లోనికి వాలియున్నందున రాళ్ల యంచులు మెట్లవలె నిలిచియుండునని అతడు ఊహించెను. బొమ్మలు గీయువాడు గనుక ఒకే వస్తువును నాలుగు వైపులనుండి చూచు అలవాటు అతనికి ఉపకరించెను.

1864, 1865 సంవత్సరములలో అతడు ఎక్రాన్, ఎగ్వియ్ వెర్త్ మొదలైన శిఖరములను మొట్టమొదట నెక్కి ప్రసిద్ధుడయ్యెను. 1865 జూలైలో కరెల్‌తో కలిసి మాటర్‌హార్న్ నెక్కనెంచి బ్రయిల్ చేరెను. అప్పటికే ఇటలీలో నూతనముగా వెలసిన పర్వతారోహక సంఘమువారు ఈ కీర్తి తమ దేశమునకే దక్కవలెనని కరెల్‌ను రహస్యముగా కుదుర్చుకొనియుండిరి. జూలై 11వ తేదీ ఉదయమున ఇటాలియనుల బృందము బయలుదేరినదని వినిన వింపర్ రోషముతో ఉడికిపోయెను. సామాను మోయువాడు సహితము అతనికి దొరకలేదు. అంతలో ఫ్రాన్సిస్ డగ్లస్ ప్రభువను పదునెనిమిదేండ్ల ఆంగ్లయువకుడు అచ్చటికి రాగా, అతనితో కలిసి 12వ తేదీన థియోడుల్ కనుమ దాటి త్సెర్మట్ చేరెను. అచ్చట చార్లెస్ హడ్సన్ అను మతగురువు, ఫ్రాన్సు దేశపు షామొనీ లోయవాడైన మిషెల్ క్రో అను ప్రసిద్ధ మార్గదర్శిని వెంటబెట్టుకొని అదే శిఖరమునకు సిద్ధమై యుండెను. క్రో వింపర్‌కు పూర్వపరిచితుడే. ఆ రాత్రియే అందరును కలసిపోవ నిశ్చయించిరి.

హడ్సన్ వెంట డగ్లస్ హాడో అను పందొమ్మిదేండ్ల బాలుడుండెను. అతనికి కొండల యనుభవము బహుస్వల్పము. మోంట్ బ్లాంక్ శిఖరమును త్వరగా నెక్కినాడని హడ్సన్ పూచీ చెప్పగా వింపర్ అంగీకరించెను. తరువాతి కాలమున జనులు త్రాటిని గూర్చి ఎంతయో తర్కించిరి. తప్పు త్రాటియందు కన్న ఈ రాత్రి తొందరయందే యెక్కువగా కానవచ్చుచున్నది. కొండకు అవతల కరెల్ ఎక్కుచుండగా, ఇవతల ఎవరు తగుదురు, ఎవరు తగరు అని తూచి చూచు ఓపిక ఎవ్వరికి లేకపోయెను.

13వ తేదీ ఉదయము పయనమై, పదునొకండువేల అడుగుల యెత్తున గుడారము వేసికొనిరి. వింపర్ ఊహ నిజమయ్యెను. దూరమున గోడవలె కనబడినది దరిజేరగా మెట్లవలె నుండెను. మరునాడు తెల్లవారకముందే బయలుదేరినవారు ఏడుగురు: వింపర్, హడ్సన్, డగ్లస్, హాడో, క్రో, త్సెర్మట్ మార్గదర్శియైన వృద్ధ పీటర్ టౌగ్వాల్డర్, అతని కుమారుడు పీటర్. చివరిభాగమున మాత్రమే రాళ్లపై పలుచని మంచుపొర కప్పియుండి కష్టమయ్యెను. అచ్చట హాడోకు అడుగడుగునకు సాయము కావలసివచ్చెను. మధ్యాహ్నము ఒంటిగంట నలుబది నిమిషములకు, తుది కొంచెపు దూరము త్రాళ్లు విప్పుకొని పరుగిడి, క్రో, వింపర్ ఇరువురును శిఖరము చేరిరి. మంచుపై అడుగుజాడలు లేవు. వింపర్ దక్షిణపుటంచునకు పోయి తొంగిచూడగా ఇటాలియనులు చాల క్రిందుగా చుక్కలవలె కనబడిరి. వారి దృష్టి నాకర్షించుటకై వింపర్, క్రో కేకలు వేసి, బండలు దొర్లించిరి. పాపము, ఆ బృందము వెనుదిరిగిపోయెను. క్రో గుడారపు కొయ్య పాతి తన అంగీని జెండాగా కట్టెను. బ్రయిల్ గ్రామస్థులు దానిని చూచి తమవారే గెలిచిరని పండుగ చేసికొనిరి.

శిఖరముపై గడిపినది ఒక గంట. దిగునపుడు క్రో ముందు, పిమ్మట హాడో, హడ్సన్, డగ్లస్, వృద్ధ టౌగ్వాల్డర్, వింపర్, చివర చిన్న టౌగ్వాల్డర్ ఒకే వరుసగా కట్టుకొనిరి. క్రో తన మంచుగొడ్డలిని ప్రక్కనుంచి, హాడో పాదములను రెండుచేతుల పట్టి ఒక్కొక్కటిగా రాతియంచున నిలుపుచుండెను. అట్లు నిలిపి తాను ఒక మెట్టు దిగుటకు తిరిగినంతలో హాడో జారి అతనిపై పడెను. ఇరువురి బరువుకు హడ్సన్, అతని వెంట డగ్లస్ ఈడ్వబడిరి. పైనున్న మువ్వురు రాళ్లను కరచిపట్టిరి. త్రాడు బిగిసి, డగ్లస్‌కును టౌగ్వాల్డర్‌కును నడుమ పుటుక్కున తెగెను. నలుగురును వెల్లకిల జారుచు, చేతులు చాచి పట్టు వెదకుచు, ఒక్కరి వెనుక నొక్కరు కనుమరుగై, నాలుగువేల అడుగుల క్రింద మంచునదిపై పడిరి.

మిగిలిన మువ్వురు అరగంటసేపు కదలలేకపోయిరి. తండ్రికొడుకులు పసివాండ్రవలె విలపించిరి. ఆ సాయంకాలము ఆకాశమున పెద్ద వలయమును, అందు రెండు సిలువలును వారికి కనబడెను. మంచుపొగపై వెలుగు పడుటచే నేర్పడిన దృశ్యమది. వింపర్ దానిని మఱవక పిమ్మట బొమ్మగా చెక్కెను. రాత్రి రాతియరుగుపై గడిపి మరునాటి ఉదయమున వారు ఊరు చేరిరి. క్రో, హడ్సన్, హాడోల దేహములు దొరకినవి. డగ్లస్ దేహము నేటికిని దొరకలేదు.

వృద్ధ టౌగ్వాల్డర్ తన ప్రాణము కొఱకు త్రాటిని కోసెనను నింద పుట్టెను. విచారణ జరిగెను. వింపర్ తెగిన కొనను పరీక్షించి, కోత కాదు, తెగుటయే యని చెప్పెను. అధికారులు అతనిని నిర్దోషిగా నిర్ణయించిరి. అయినను తీసికొనిపోయిన మూడు రకముల త్రాళ్లలో తెగినది మిక్కిలి బలహీనమైనది. దిగునపుడు అవసరమైనచో రాళ్లకు కట్టి విడిచిపెట్టుటకు తెచ్చిన త్రాడది. మనుష్యులను కట్టుటకు కాదు. గట్టిత్రాళ్లు మిగిలియుండగా దీని నేల కట్టవలసివచ్చెనో వింపర్ తన గ్రంథమున ప్రశ్నించి, ఆ ముసలివానిపై అనుమానపుఛాయ నుంచెను. ఇది న్యాయమని తోచదు. కట్టినవాడు అతడైనను, ముడులు చూడవలసిన కన్నులు ఏడు జతలుండెను. నిర్దోషియయ్యును టౌగ్వాల్డర్ తలయెత్తుకొని తిరుగలేక, 1888లో మరణించువరకు ఆ మచ్చతోనే బ్రతికెను.

ఇంగ్లండు దేశమున పత్రికలు ఈ సాహసమును తీవ్రముగా గర్హించినవి. మూడుదినముల పిమ్మట, జూలై 17వ తేదీన కరెల్ ఇటలీవైపునుండియే శిఖరమునెక్కి తన పంతము చెల్లించుకొనెను. వింపర్ అటుపై ఆల్ప్స్ పర్వతములందు క్రొత్త శిఖరములకై పోరాడుట మానుకొనెను. 1867లోను 1872లోను మంచుదేశమైన గ్రీన్లాండునకు పోయెను. 1871లో తన ఆల్ప్స్ యాత్రలను తానే వ్రాసి, బొమ్మలు తానే చెక్కి ప్రకటించిన గ్రంథము పర్వతారోహకులకు ప్రమాణగ్రంథమయ్యెను. ఎక్కిన చేయి, చెక్కిన చేయి, వ్రాసిన చేయి ఒక్కటే యగుట ఆ పుస్తకపు విశేషము.

మిక్కిలి ఎత్తున మనుష్యుని ఊపిరి, నాడి ఎట్లు మారునో పరిశీలింపగోరి, వింపర్ మొదట మన హిమాలయములకు రాదలచెను. సరిహద్దు రాజకీయపు చిక్కులచే అది కుదరక, దక్షిణ అమెరికాయందలి ఈక్వడార్ దేశమునకు పోయెను. అప్పుడు తోడుగా నెవరిని పిలిచెనని? కరెల్‌నే. కరెల్‌ను, అతని జ్ఞాతియగు లూయీని వెంటబెట్టుకొని 1880 జనవరి 4వ తేదీన ఇరువదివేల అడుగులకు మించిన చింబొరాజో శిఖరమును మొట్టమొదట నెక్కెను. మార్గమధ్యమున పదునాఱువేల అడుగులు దాటిన చోట మువ్వురును తలనొప్పితో, జ్వరముతో గుడారమున పడి, దప్పికకు మంచు కరగించుకొను శక్తియు లేక తల్లడిల్లిరి. మాటర్‌హార్న్ కొఱకు పోరాడిన ఇరువురు ఒకే కంబళి క్రింద వణకిన దినము లవి. కొటొపాక్సీ అను అగ్నిపర్వతపు ముఖద్వారమున ఒక రాత్రి గడిపి లోపలి నిప్పులను చూచిరి. ఈ పరిశోధనలకై 1892లో రాయల్ భౌగోళిక సంఘము వింపర్‌కు స్వర్ణపతక మొసగెను.

కరెల్ దానిని చూడలేదు. 1890 ఆగస్టులో మాటర్‌హార్న్‌పై తుపానులో చిక్కుకొనిన యాత్రికులను క్షేమముగా దించి, తాను కొండపాదమున అలసి ప్రాణము విడిచెను.

వింపర్ కడపటి దినములు అంత సుఖకరములు కావు. ఛాయాచిత్రముల ముద్రణ వచ్చుటతో కొయ్యచెక్కడపు వృత్తి నశించెను. ఊరూర దీపపు పెట్టెతో చిత్రములు చూపి ఉపన్యాసములిచ్చుచు, షామొనీ, త్సెర్మట్ గ్రామములకు యాత్రికుల దారిపుస్తకములు వ్రాసి అమ్ముకొనుచు కాలము గడపెను. 1906లో, అరువదియాఱవ యేట వివాహమాడెను. ఒక కుమార్తె కలిగెను. సంసారము నిలువలేదు. 1911లో షామొనీకి పోయి, జబ్బుపడి, వైద్యునికి సహితము తలుపు తీయక, సెప్టెంబరు 16వ తేదీన సత్రపు గదియందు ఒంటరిగా మరణించెను. క్రో పుట్టిన లోయయందే అతని సమాధి కలదు. క్రో సమాధి యన్ననో కొండకు ఆవల త్సెర్మట్ నందున్నది. తెగిన త్రాటిముక్క ఆ యూరి వస్తుప్రదర్శనశాలలో అద్దపు పెట్టెయందు భద్రపరుపబడియున్నది. చూచినవారికి అది ఎంత సన్నమైనదో యని ఆశ్చర్యము కలుగును.