ఎడారిలో బొమ్మలు గీసిన ఓడెట్

ఓడెట్ డు పుయిగోడో 1894లో ఫ్రాన్సు దేశంలో సముద్రం పక్కన ఉన్న సేంట్ నజేర్ అనే ఊరిలో పుట్టింది. ఇంటిపేరుకి నోరు తిరగదు గనక ఓడెట్ అనే రాస్తాను. నాన్న ఫెర్డినాండ్ పేరున్న చిత్రకారుడు. అమ్మ కూడా బొమ్మలు వేసేది. ఓడెట్ బడికి వెళ్ళలేదు, వాళ్ళిద్దరే ఇంట్లో చదువు చెప్పారు. మన ఇళ్ళల్లో చదువు చెప్పేవాళ్ళు లేక మనం హాస్టలుకి వచ్చాము. ఆమెకి ఇల్లే బడి.

పెద్దయ్యాక పారిస్ వెళ్ళి శాస్త్రవేత్తల దగ్గర బొమ్మలు గీసే ఉద్యోగం చేసింది. చార్కో అనే గొప్ప నావికుడు మంచు దేశమైన గ్రీన్‌లాండ్‌కి ఓడలో వెళ్తుంటే తానూ వస్తానని అడిగింది. ఆడమనిషి అని వద్దన్నారు.

ఆమె ఊరుకోలేదు. 1933లో స్నేహితురాలు మారియన్ సెనోన్‌తో కలిసి చేపల పడవ ఎక్కి ఆఫ్రికాలోని మౌరిటానియా వెళ్ళింది. అప్పుడు ఆ దేశం ఫ్రాన్సు పాలనలో ఉండేది. ఎక్కడ చూసినా ఇసుకే. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం 1936లో వచ్చింది. దాని పేరుకి ఒట్టి కాళ్ళతో మౌరిటానియా అంతా అని అర్థం.

మళ్ళీ 1936 నుంచి 1938 దాకా ఇద్దరూ తిరిగారు. ఈసారి ఉప్పు మోసే ఒంటెల బారుతో వెళ్ళారు. తావుదేని అనే చోట నేలలోంచి ఉప్పుని పలకలుగా కోసి తీస్తారు. ఒక్కో పలక 30 కిలోల పైనే. ఒక ఒంటె నాలుగు పలకలు మోస్తుంది. అక్కడినుంచి టింబక్టు 600 కిలోమీటర్ల పైన. బావులు చాలా తక్కువ.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆమె గీసిన బొమ్మలు. చాలామంది రాజుల గురించి, యుద్ధాల గురించి రాస్తారు. ఆమె మాత్రం డేరాలు, తోలు దిండ్లు, చెక్క గిన్నెలు, నగలు, ఆడవాళ్ళ జడలు చూసి గీసుకుంది, ఎలా చేస్తారో రాసుకుంది. ఆ డేరాలు నేసేది ఆడవాళ్ళే, తోలు దిండ్లకి రంగులు వేసేదీ ఆడవాళ్ళే. చివరికి మొరాకో దేశంలో రబాత్ నగరంలో ఉండిపోయింది. అక్కడే 1991లో చనిపోయింది.

మన ఊళ్ళల్లో కూడా ఆనపకాయ బుర్రలు, వెదురు గంపలు, విల్లంబులు ఉన్నాయి. ప్లాస్టిక్ సామాను వచ్చాక బుర్రలు తగ్గిపోతున్నాయి. ఏ దేశం నుంచో ఇంకో ఓడెట్ వచ్చి గీసేదాకా మనం ఎందుకు ఆగాలి? సెలవులకి వెళ్ళినప్పుడు తలా ఒక వస్తువు గీసి, దాని పేరు మన ఇంటి భాషలో రాసి తెండి. వచ్చే సంచికలో అంటిద్దాం. వార్డెన్ మేడమ్‌గారు డ్రాయింగ్ కాగితాలు ఇప్పించాలని కోరుతున్నాను.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని