సుగ్రా హుమాయూన్ మీర్జా: చదువునే ఆస్తిగా మిగిల్చిన తల్లి

ఆడపిల్లకు చదువెందుకు, ఉత్తరం రాయడం వస్తే చాలదా అనుకునే ఇళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో నేటికీ లేకపోలేదు. అలాంటివారు సుగ్రా హుమాయూన్ మీర్జా జీవితాన్ని తెలుసుకోవాలి.

ఆమె 1884లో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి డాక్టర్ సఫ్దర్ అలీ మీర్జా నిజాం సైన్యంలో వైద్యులు. తల్లి మర్యమ్ బేగం. బాలికలకు బడులు అరుదైన ఆ రోజుల్లో ఆమె ఇంటి వద్దనే ఉర్దూ, ఫార్సీ నేర్చుకున్నారు. 1901లో పాట్నాకు చెందిన బారిస్టర్ హుమాయూన్ మీర్జాతో నికాహ్ జరిగింది. ఆయన భార్య సేవకు, రచనలకు అడ్డు చెప్పలేదు సరికదా, తోడుగా నిలిచారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలు తీసినప్పుడు ఆమె బాధితులను ఆదుకోవడానికి పూనుకున్నారు. స్త్రీల కోసం ‘అన్నిసా’ పత్రిక నడిపారు. నవలలు, యాత్రా విశేషాలు రాశారు. 1934లో బాలికల కోసం పాఠశాల స్థాపించి, తండ్రి పేరు మీదుగా ‘మదర్సా సఫ్దరియా’ అని పేరు పెట్టారు. తమ ఆస్తిని ఆ బడికే అర్పించారు. 1958లో కన్నుమూశారు.

గమనించండి! మనిషి మరణంతో కర్మలు ఆగిపోయినా, కొనసాగే దానం, ప్రయోజనకరమైన విద్య ఆగవని మన ప్రవక్త (సఅసం) బోధించారు. ఆ బడిలో అక్షరం నేర్చిన ప్రతి బాలికా తల్లి అయ్యాక తన పిల్లలకు నేర్పింది. మేడలు, నగలు వారసుల మధ్య పంపకమై చెదిరిపోతాయి. చదువు పంచేకొద్దీ పెరుగుతుంది.

సోదర సోదరీమణులారా! అమ్మాయి పెళ్ళి కోసం కూడబెట్టే సొమ్ములో ముందుగా ఆమె చదువు వాటా తీసి ఉంచండి. అల్లాహ్ ఆ తల్లిని కరుణించుగాక! ఆమీన్.